టెక్ సందేహాలు: గోల్ సీక్ దేనికైనా ‘దొరికింది’ అంటోంది!

ప్రశ్న: పరవాడలో ఓ ఫార్మా యూనిట్‌లో పనిచేస్తున్నాను. రియాక్టర్ల నుంచి వచ్చే హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) వాయువును కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగే స్క్రబ్బర్ టవర్‌కు ఎక్సెల్‌లో లెక్క వేస్తున్నా. లోపలికి 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) వస్తుంది, బయటికి 10 దాటకూడదు. ప్యాకింగ్ (వాయువూ ద్రవమూ బాగా కలిసేలా టవర్‌లో నింపే ముక్కలు) ఎత్తు కోసం గోల్ సీక్ (కావాల్సిన ఫలితం చెబితే దానికి సరిపడే అంకెను వెతికే ఎక్సెల్ సదుపాయం) నడిపితే, నేను ముందు పెట్టిన అంకెనే ఉంచేసి ‘సొల్యూషన్ దొరికింది’ అంటోంది. అర మీటరు పెట్టినా అంతే. ఎక్సెల్ పాడైందా?

జవాబు: ఎక్సెల్‌కేం కాలేదు. మీరు గాఢతను మోల్ ఫ్రాక్షన్‌లో, అంటే మొత్తం వాయువులో హెచ్‌సీఎల్ ఎన్నో వంతో ఆ లెక్కలో రాసుంటారు, చిక్కంతా అక్కడే. 1000 పీపీఎం అంటే 0.001, 10 అంటే 0.00001. మామూలు సెట్టింగ్‌లో గోల్ సీక్ లక్ష్యానికి 0.001 దగ్గరికి వస్తే చాలు, పనైపోయిందనుకుంటుంది. మీ వాయువు టవర్‌లోకి అడుగు పెట్టకముందే లక్ష్యానికి 0.00099 దూరంలో ఉంది. ఇక దాని దృష్టిలో ఖాళీ టవరైనా ఓకేనే!

అవుట్‌లెట్ సెల్‌ను 10 లక్షలతో గుణించి పీపీఎంలోకి మార్చండి, లక్ష్యం 10 ఇవ్వండి. ఆప్షన్స్‌లో ఫార్ములాస్ కింద ‘మాగ్జిమమ్ చేంజ్’ తగ్గించినా పనవుతుంది. కానీ ఆ సెట్టింగ్ మీరు ముందుగా ఏ ఫైల్ తెరిచారన్న దాన్ని బట్టి మారిపోతుంటుంది. అందుకే నా ఓటు పీపీఎంకే.

అసలు ఈ ఎత్తుకు గోల్ సీక్ అక్కర్లేదు. కాస్టిక్ సరిపడా ఉన్నంతవరకు ద్రవంలోకి వెళ్లిన హెచ్‌సీఎల్ మళ్లీ గాలిలోకి రాదు. కాబట్టి న్యాచురల్ లాగ్ కట్టే ఎల్‌ఎన్ ఫంక్షన్‌లో 1000/10 పెడితే వచ్చే 4.6 మీ ఎన్‌టీయూ, అంటే వాయువును అంత శుభ్రం చేయడానికి కావాల్సిన యూనిట్ల సంఖ్య. మీ ప్యాకింగ్‌కు హెచ్‌టీయూ (ఒక్కో యూనిట్‌కు పట్టే ఎత్తు) 0.6 మీటర్లు అనుకుంటే, రెండూ గుణిస్తే ఎత్తు 2.76 మీటర్లు. రేపు పైవాళ్లు 10 కాదు, 1 పీపీఎం కావాలంటే ఇంకో 1.38 మీటర్లు కలపాలి. గోల్ సీక్‌ను టవర్ వ్యాసానికి వాడుకోండి. అక్కడ ప్రెజర్ డ్రాప్‌తో (టవర్ దాటేసరికి వాయువు కోల్పోయే పీడనం) కుస్తీ ఉంటుంది, దాని అవసరం నిజంగా పడుతుంది.

ప్రశ్న: మా కన్సల్టెంట్ ఇచ్చిన స్క్రబ్బర్ షీట్‌లో 100కు లాగ్ కడితే మాక్రో 4.6 ఇస్తోంది. అదే లాగ్ నేను సెల్‌లో రాస్తే 2 వస్తోంది. ఏది నమ్మాలి?

జవాబు: ఇక్కడ మాక్రోనే. సెల్‌లో లాగ్ అంటే 10 బేస్, మాక్రోలు రాసే భాష వీబీఏలో లాగ్ అంటే న్యాచురల్ లాగ్. పేరొకటే, ఇంటిపేర్లు వేరు. ఆ 2ను నమ్మి అదే 0.6తో టవర్ కడితే ఎత్తు 1.2 మీటర్లే వస్తుంది, 1000 పీపీఎంలో దాదాపు 135 చిమ్నీ గుండా బయటికి పోతుంది. సెల్‌లో లాగ్ తీసేసి ఎల్‌ఎన్ రాయండి. ఎవరి షీట్ చేతికొచ్చినా ముందు ఆ ఫార్ములాకు 2.718 ఇచ్చి చూడండి. 1 వస్తే సరే, 0.43 వస్తే 10 బేస్ దూరిందన్నమాట.