క్వార్టర్‌బ్యాక్‌లను ఏ కొలతతో పోల్చాలి?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దగ్గరపడుతున్నదంటే చాలు, రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌ల (దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే ఆటగాళ్ల) ఫొటోలను ఎదురెదురుగా వేసి, కింద అంకెల పట్టిక ఇస్తారు. ఆ పట్టికలో ఎవరిది పైచేయి అయితే గెలుపు వారిదేనని అనుకోవచ్చునా?

జవాబు: అనుకోకూడదు. ఆ ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండరన్న సంగతిని ఆ ఫొటోలు మరపిస్తాయి. బంతి తన జట్టు దగ్గర ఉన్నంతసేపే క్వార్టర్‌బ్యాక్‌కు పని ఉంటుంది. అది అవతలి జట్టుకు పోగానే అతడు వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. క్రికెట్‌లో రెండు జట్ల ఓపెనర్లు ఒకరికొకరు ఎదురుపడనట్టే వీరూ ఎదురుపడరు. అతడు తలపడవలసింది అవతలి డిఫెన్స్‌లోని (దాడిని అడ్డుకునే దళంలోని) పదకొండు మందితో, కాబట్టి అతడి అంకెలను ఆ డిఫెన్స్ అంకెల పక్కన పెట్టి చూడాలి.

2014 ఫిబ్రవరి 2న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో జరిగిన 48వ సూపర్ బౌల్‌నే తీసుకోండి. డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఆ సీజన్‌లో 55 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని అవతలి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చినవి) వేసి, పాస్‌లతో 5,477 గజాలు సాధించి, రెండింటిలోనూ లీగ్ రికార్డు నెలకొల్పాడు. సియాటిల్ సీహాక్స్ తరఫున ఆడిన రసెల్ విల్సన్‌వి 26 టచ్‌డౌన్ పాస్‌లు, 3,357 గజాలు. పట్టిక ఒక్కటే చూసినవారు డెన్వర్ వైపు మొగ్గడంలో వింత లేదు. అయితే ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద అతి తక్కువగా, 231 పాయింట్లు మాత్రమే ఇచ్చిన డిఫెన్స్ సియాటిల్‌దన్న సంగతికి ఆ పట్టికలో చోటు లేదు.

ఆట మొదటి స్నాప్‌కే, అంటే సెంటర్ అనే ఆటగాడు బంతిని వెనకనున్న క్వార్టర్‌బ్యాక్‌కు తొలిసారి అందించినప్పుడే, ఏం జరిగిందో చూడండి. తన జట్టు ముందువరుస అయిన లైనుకు కాస్త వెనుకగా నిలబడిన మానింగ్, ప్రేక్షకుల హోరులో తన మాట ముందువారికి వినబడక, ఏదో సర్దిచెప్పడానికి రెండడుగులు ముందుకు వేశాడు. సరిగ్గా అప్పుడే సెంటర్ బంతిని వెనక్కి వదిలాడు. అది మానింగ్ తల పక్కనుంచి దూసుకుపోయి సొంత ఎండ్ జోన్‌లో, అంటే మైదానంలో తమ వైపు చివరి భాగంలో, పడింది. బంతి అక్కడే చిక్కుబడితే పాయింట్లు అవతలి జట్టుకు పోతాయి కాబట్టి, ఆట మొదలైన 12 సెకన్లకే సియాటిల్ ఖాతాలో 2 పాయింట్లు చేరాయి. చివరకు ఆ జట్టు 43-8 తేడాతో గెలిచింది. మానింగ్ మాత్రం ఆ రాత్రి 34 పాస్‌లు పూర్తిచేసి, అప్పటికి సూపర్ బౌల్ రికార్డు ఒకటి తన పేర రాసుకున్నాడు! అంకెలు అబద్ధమాడలేదు కానీ, అవి చెప్పినది వేరే కథ.

రెండేళ్ల తర్వాత పరిస్థితి పూర్తిగా తారుమారైంది. 2015 సీజన్‌లో మానింగ్ 9 టచ్‌డౌన్ పాస్‌లు వేసి 17 ఇంటర్‌సెప్షన్లు (అవతలివారు అందుకున్న పాస్‌లు) ఇచ్చుకున్నాడు. ఫైనల్లో అవతలి వైపున్న కెరొలైనా పాంథర్స్ క్వార్టర్‌బ్యాక్ క్యామ్ న్యూటన్ పాస్‌లతో 35, పరుగుతో 10 టచ్‌డౌన్లు సాధించి, ఆ ఏటి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా 50వ సూపర్ బౌల్‌లో డెన్వర్ 24-10తో గెలిచింది, అదీ మానింగ్ పాస్‌లు 141 గజాలకే పరిమితమైన రోజున. న్యూటన్‌ను ఆరుసార్లు శాక్ చేశారు, అంటే పాస్ వేయకముందే పడగొట్టారు. డెన్వర్ డిఫెన్స్‌లోని లైన్‌బ్యాకర్ వాన్ మిల్లర్ రెండుసార్లు అతడి చేతిలోంచి బంతిని రాలగొట్టాడు. ఆ రెండింటిలో మొదటిది నేరుగా టచ్‌డౌన్‌గా మారింది. రెండోది చివరి క్వార్టర్‌లో, డెన్వర్ ఆధిక్యం 6 పాయింట్లే ఉన్నప్పుడు జరిగి, ఇంకో టచ్‌డౌన్‌కు దారితీసింది. అత్యుత్తమ సీజన్ తర్వాత ఓడిన మానింగే తన అతి బలహీనమైన సీజన్ తర్వాత గెలిచాడు. రెండుసార్లూ ఫలితాన్ని నిర్ణయించిన డిఫెన్స్‌ల పేర్లు పట్టికలో కనిపించవు.

ప్రశ్న: పాసర్ రేటింగ్ అనే అంకెను ఎలా లెక్కిస్తారు? అది 158.3 దగ్గర ఆగిపోవడమేమిటి?

జవాబు: లీగ్ ఈ కొలతను 1973 నుంచి వాడుతోంది. పూర్తయిన పాస్‌ల శాతం, ఒక్కో ప్రయత్నానికి వచ్చిన గజాలు, టచ్‌డౌన్ల శాతం, ఇంటర్‌సెప్షన్ల శాతం అనే నాలుగింటిని విడివిడిగా లెక్కగట్టి, ఒక్కోదానికి గరిష్ఠంగా 2.375 ఇస్తారు. నాలుగూ కలిపి ఆరుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేదే రేటింగ్. నాలుగింటికీ గరిష్ఠం దక్కితే 158.3 వస్తుంది. అంతకు మించి అందులో మర్మమేమీ లేదు.

పనికిరాని కొలతని నేననను. అయితే అది పాస్‌లను మాత్రమే చూస్తుంది. శాక్‌లు, ఫంబుల్స్ (బంతి జారవిడవడాలు), క్వార్టర్‌బ్యాక్ స్వయంగా పరిగెత్తి సాధించినవి దాని లెక్కలోకి రావు. 2023 ఫిబ్రవరిలో 57వ సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ పరుగుతోనే 70 గజాలు, మూడు టచ్‌డౌన్లు సాధించాడు. అదే ఆటలో అతడు జారవిడిచిన బంతిని కాన్సస్ సిటీ చీఫ్స్ ఆటగాడు నిక్ బోల్టన్ 36 గజాలు తీసుకుపోయి టచ్‌డౌన్ చేశాడు. ఆట 38-35తో చీఫ్స్ పరమైంది. హర్ట్స్ చేసిన గొప్ప పనీ, అతడి వల్ల జరిగిన పెద్ద నష్టమూ రెండూ రేటింగ్‌కు కనబడలేదు.

ఎక్కువ రేటింగ్ ఉన్నవాడు ఓడిన సందర్భాలూ ఉన్నాయి. 49వ సూపర్ బౌల్‌లో విల్సన్ రేటింగ్ 110.6, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీది 101.1. కానీ టచ్‌డౌన్‌కు ఒక్క గజం దూరంలో విల్సన్ వేసిన చివరి పాస్‌ను అవతలి డిఫెన్స్ ఆటగాడు మాల్కం బట్లర్ అందుకోవడంతో బ్రేడీ జట్టు 28-24తో గెలిచింది. ఇక 40వ సూపర్ బౌల్‌లో బెన్ రోత్లిస్‌బర్గర్ 22.6 రేటింగ్‌తో ఆడినా, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 21-10తో గెలిచి కప్పు ఎత్తుకుపోయింది.

ప్రశ్న: ఫైనల్లో అనుభవజ్ఞుడికే మొగ్గు ఉంటుందంటారు. నిజమేనా?

జవాబు: పైన చెప్పిన రోత్లిస్‌బర్గర్ వయసు అప్పటికి 23 ఏళ్లే. 2018 ఫిబ్రవరిలో బ్రేడీ తన ఎనిమిదో సూపర్ బౌల్ ఆడి, 505 గజాలతో రికార్డు సృష్టించి కూడా, ఈగిల్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడినందువల్ల ఆ జట్టులోకి వచ్చిన నిక్ ఫోల్స్ చేతిలో 41-33తో ఓడిపోయాడు. 43 ఏళ్ల వయసులో గెలిచినవాడూ అదే బ్రేడీ. దీన్నిబట్టి సూత్రమేదీ కట్టలేం.

ప్రశ్న: మరి ఆటకు ముందు మీరు దేన్ని చూస్తారు?

జవాబు: గాయాల జాబితాను, అందులోనూ మొదట టాకిల్స్ పేర్లను చూస్తాను. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవారిని లైను రెండు చివర్లా అడ్డుకునేది వారే. 55వ సూపర్ బౌల్‌కు ముందు అందరూ బ్రేడీ, చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ల గురించే మాట్లాడుకున్నారు. చీఫ్స్ జట్టులో రెండు వైపులా ఆడవలసిన ప్రధాన టాకిల్స్ ఇద్దరూ గాయాలతో దూరమైన సంగతికి అంత చోటు దక్కలేదు. ఆ రోజంతా మహోమ్స్ వెనక్కీ పక్కకూ పరిగెడుతూనే ఉన్నాడు. చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేక 31-9తో ఓడింది. చివరి క్వార్టర్‌లో ఒకసారి అతడు కిందపడిపోతూ, ఒళ్లు నేలకు సమాంతరంగా ఉన్న స్థితిలో, ఎండ్ జోన్‌లో ఉన్న తనవాడికి పాస్ విసిరాడు. అది నేరుగా వెళ్లి ఆ అందుకోవలసినవాడి హెల్మెట్ ముందు ఊచలకు తగిలి కింద పడింది. పట్టికలో అది పూర్తికాని పాస్‌లలో ఒకటిగా చేరింది.