శాపం తగులుతుందన్న భయం

ప్రశ్న: మా అక్క 11 ఏళ్లు ఒక ప్రార్థన సహవాసంలో ఉంది. విశ్వాసముంటే మాత్రలెందుకని పాస్టర్ గారు అనడంతో ఫిట్స్ మందులు మానేసింది. ఆయనకు ఒంటరిగా చెప్పుకున్న సంగతిని ఆదివారం ప్రసంగంలో అందరి ముందూ పెట్టేశారు. నాలుగు నెలల క్రితం బయటికొచ్చేసింది. ఇప్పుడు పిల్లాడికి జ్వరమొచ్చినా ‘అభిషిక్తుణ్ని (దేవుడు ఎన్నుకున్న ఆ పాస్టర్‌ని) ఎదిరించాను, శాపం తగిలింది’ అని వణికిపోతోంది. ఆ పాటలు వినబడితే చెమటలు పడతాయి. మేమేం చేయాలి?
– ఒక చెల్లెలు, తెనాలి

జవాబు: ముందు మందుల సంగతి చూడండి. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే మూర్ఛ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాగని పాత చీటీ తీసి అదే మోతాదు మొదలుపెట్టకండి. లామోట్రిజిన్ వంటి మందును కొన్నాళ్లు ఆపాక ఒకేసారి పూర్తి మోతాదు వేసుకుంటే ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. ఎప్పుడు, ఎందుకు మానేసిందో దాచకండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఇక భయం. ‘శాపాలూ లేవు, ఏమీ లేవు’ అని వాదించకండి. ఇంట్లోవాళ్లు అలాగే అంటారని ఇలాంటి చోట్ల ముందే నూరిపోస్తారు. మీ వాదన ఆ మాటకే బలమిస్తుంది. అభిషిక్తుల గురించి ఆమె తనంతట తాను అడిగితే బైబిల్లో 105వ కీర్తన 12వ వచనం నుంచి కలిసి చదవండి. ‘నేను అభిషేకించిన వారిని ముట్టకూడదు’ అన్న 15వ వచనం రాజులను గద్దించిన మాట. సొంత నేల లేక దేశాలు పట్టి తిరుగుతున్న కొద్దిమందికి హాని చేయొద్దని చెప్పినది. బలహీనులకు అండగా ఉన్న వాక్యాన్ని బోధకుణ్ని ప్రశ్నించేవాళ్ల నోరు మూయించడానికి వాడటం ఘోరం. బైబిలు ముట్టలేనంటే వదిలేయండి. వేరే చర్చికి రమ్మనొద్దు, మానేయమనీ అనొద్దు. ఇన్నేళ్లూ ఆమె తరఫున ఇంకొకరు నిర్ణయించారు. ఇకనైనా ఆమెను నిర్ణయించుకోనివ్వండి.

చెమటలు పట్టడం విశ్వాసం తగ్గడమూ కాదు, దయ్యమూ కాదు. పాత ప్రమాదం మళ్లీ వచ్చిందని శరీరం బెదిరిపోవడం. పాదాలు నేలకు ఆనించి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలమనండి. రెండు మూడు నిమిషాలు చాలు. గబగబా పీల్చనివ్వకండి, కొందరిలో అది ఫిట్స్ తెప్పిస్తుంది. కళ్లు మూసుకోమనకండి, అది ప్రార్థన కూడికను గుర్తుచేసి భయం పెంచొచ్చు. ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పించండి.

‘ఇంత చదువుకుని ఎలా నమ్మావు?’ అని ఎవరినీ అననివ్వొద్దు. జరిగిందంతా చెప్పమని తవ్వొద్దు కూడా. ముందు భద్రత, తర్వాతే చెప్పుకోవడం, దుఃఖించడం అని మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లోనే రాశారు. సహవాసంలోని స్నేహితులు గుర్తొచ్చి ఏడిస్తే తిరిగి వెళ్లిపోతుందని కంగారుపడకండి. పోగొట్టుకున్నవాళ్ల కోసం ఏడవడం అది.

సంఘం వాళ్లు ఇంటికొస్తుంటే, ‘ఇక కలవను, ఫోన్ చేయవద్దు’ అని ఆమె పేరుతో ఒక్క మెసేజ్ పంపి ఆగిపోండి. కారణాలు రాస్తే వాటిపైనే చర్చ మొదలవుతుంది. బెదిరింపులొస్తే స్క్రీన్‌షాట్లు దాచండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. క్లినికల్ సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు మతపరమైన భయాలతో వచ్చినవాళ్లకు ఎలా సాయం చేస్తారని ముందే అడగండి. ఆమె నమ్మకాన్ని వెక్కిరించినా, విడుదల ప్రార్థన (దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన) చేయిద్దామన్నా, అక్కడికి మళ్లీ వెళ్లకండి.