సీటు దించాలా, లేపాలా, జరపాలా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా స్పోర్ట్స్ కారు సీటు గురించే ఉన్నాయి. మామూలు కారులో సీటు రెండంగుళాలు అటూ ఇటూ అయినా బండి నడిచిపోతుంది. నేలకు ఆనుకుని కూర్చునే కారులో అలా కుదరదు. అక్కడ పైకప్పు, పెడళ్లు, స్టీరింగ్ అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి సీటు కదిపితే ఆ మూడింటినీ మళ్లీ చూసుకోవాలి.

ప్రశ్న (హైదరాబాద్): నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ ఆటోమేటిక్ తీసుకున్నాం. సీటు ఎంత లేపినా బానెట్ చివర కనిపించదు. ముందుకు జరిగితే స్టీరింగ్ ఛాతీ మీదికి వస్తోంది. దిండు వేసుకోమంటున్నారు. ఏది ముందు సర్దుకోవాలి?

జవాబు: దిండు మాత్రం వద్దు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు దిండు ముందుకు జారుతుంది, దాంతోపాటు మీరూ జారుతారు. తుంటి ఎముకల మీద ఉండాల్సిన బెల్టు పొట్ట మీదికి ఎక్కుతుంది. ప్రమాదంలో లోపలి అవయవాలకు దెబ్బ తగిలేది అలాగే.

సర్దడం పాదాల నుంచి మొదలుపెట్టండి. చాలామంది ముందు స్టీరింగ్ పట్టుకుని చూస్తారు, తప్పు అక్కడే మొదలవుతుంది. పిరుదులు సీటు మూలకు ఆనేదాకా వెనక్కి జరిగి కూర్చోండి. గేరు పార్కింగ్‌లో ఉంచి ఇంజిన్ ఆన్ చేయండి. ఇంజిన్ ఆపి కొలిస్తే, తొక్కుడుకు బలం చేర్చే బ్రేకు బూస్టర్‌లోని వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. పెడల్ రాయిలా పైనే నిలిచిపోతుంది, కొలత తప్పుతుంది. బ్రేకు బలమంతా పెట్టి తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. అంతవరకు సీటు ముందుకు తెచ్చుకోండి. (మాన్యువల్ గేరు కారైతే ఇదే పరీక్ష క్లచ్‌తో చేయాలి. పెడల్ నేలకు తగిలే దాకా తొక్కినా తుంటి పక్కకు ఒరగకూడదు.)

తర్వాత ఎత్తు. కళ్లు ముందు అద్దం సగం ఎత్తుకు కాస్త పైన ఉంటే చాలు. తలకూ పైకప్పుకూ మధ్య పిడికిలి నిలువుగా పట్టాలి. సీటు లేపే లింకులు వంపు తిరుగుతూ లేస్తాయి. అందువల్ల పైకి వెళ్లే సీటు కొంచెం ముందుకో వెనక్కో కూడా కదులుతుంది, బ్రేకు మళ్లీ ఒకసారి తొక్కి చూసుకోండి. ఆ తర్వాత బ్యాక్‌రెస్ట్. రెండు భుజాలూ సీటుకు ఆని ఉండగానే చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి.

స్టీరింగ్ వంతు చివర్లో. మీ ఎత్తుకు దాన్ని డాష్‌బోర్డు వైపు లోపలికి నెట్టి, ముఖం వైపు కాకుండా ఛాతీ వైపు చూసేలా కిందికి దించాలి. స్టీరింగ్ మధ్యనున్న బ్యాడ్జి నుంచి రొమ్ము ఎముక దాకా కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, అంటే జానెడుకు కాస్త పైన. అమెరికా రహదారి భద్రతా సంస్థ చెప్పే 10 అంగుళాల లెక్క ఇదే. తక్కువైతే సీటు వెనక్కి జరపకుండా బ్యాక్‌రెస్ట్ ఒకటి రెండు డిగ్రీలు వాల్చండి.

బానెట్ చివర సంగతంటారా, ఆరడుగుల మనిషికి కూడా ఆ కారులో అది సరిగ్గా కనబడదు. ఖాళీ స్థలంలో ఒక అట్టపెట్టె పెట్టి నెమ్మదిగా దాని దగ్గరికి వెళ్లండి. పెట్టె పై అంచు బానెట్ కింద ఎక్కడ మాయమవుతుందో చూసుకుని, దిగి దూరం కొలుచుకోండి. నాలుగైదు సార్లు చేస్తే కంటికి పట్టుబడుతుంది.

ప్రశ్న (డాలస్): 1990 నాటి మాజ్దా మియాటా (టాప్ తీసే రెండు సీట్ల కారు) కొన్నాను. నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. టాప్ వేస్తే జుట్టు గుడ్డకు రాసుకుంటోంది. తీస్తే అద్దం పై ఫ్రేము సరిగ్గా కళ్లకు అడ్డం వస్తోంది, సిగ్నల్ లైటు కనపడాలంటే తల వంచాలి. సీటు వాల్చుదామంటే వెనక గోడకు తగులుతోంది.

జవాబు: ఆ తరం మియాటాలో సీటు ఎత్తు మార్చే ఏర్పాటు లేదు, స్టీరింగ్ కూడా కదలదు. ముందుకూ వెనక్కూ జరిగే స్టీరింగ్ ఈ కారుకు 2019 మోడల్‌తో గానీ రాలేదు. కాబట్టి మీకు మిగిలింది సీటు లోపలి ఫోమ్ కోసి పల్చన చేయడమే. ఆ కారున్న పొడవాటి వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. జాగ్రత్తగా చేస్తే ఒకటి, ఒకటిన్నర అంగుళం దిగుతుంది. చెడగొడితే సీటు పీటలా తయారవుతుంది.

సీటును నేలకు పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. 14 నంబరు సాకెట్ పడుతుంది. ముప్పై అయిదేళ్ల బండి కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లున్న సీటైతే వైరు కనెక్టర్ ఊడదీశాకే సీటు ఎత్తండి. తిరగేసి చూస్తే కవరును ఫ్రేముకు పట్టించిన చిన్న ఇనుప రింగులు కనిపిస్తాయి. కత్తిరించి తీసేయండి. తిరిగి వేసేటప్పుడు వాటి బదులు గట్టి కేబుల్ టైలు సరిపోతాయి.

ఫోమ్‌ను పైనుంచి ఎప్పుడూ కోయకండి, అడుగు వైపు నుంచే కోయాలి. పైభాగం ఆకారం పోతే కవరు ముడతలు పడుతుంది. కూర్చున్నప్పుడు పిరుదుల ఎముకలు దిగే చోట మార్కర్‌తో కోడిగుడ్డు ఆకారం గీసుకోండి. ముందు అంచు నుంచి 10, 12 సెంటీమీటర్లు అసలు ముట్టుకోవద్దు, తొడల బరువు మోసేది అదే. రొట్టె కోసే పొడవాటి పళ్ల కత్తితో సెంటీమీటరు మందం తీయండి. కవరు తాత్కాలికంగా వేసి కారులో బిగించి కూర్చోండి. పది నిమిషాలైనా కూర్చోవాలి, ఎందుకంటే ఫోమ్ నెమ్మదిగా అణుగుతుంది. చాలకపోతే ఇంకో సెంటీమీటరు. ఒకేసారి లోతుగా కోసినవాళ్లే కొత్త ఫోమ్ కోసం వెతుక్కుంటుంటారు. కోశాక కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఫోమ్ మిగలాలి. కోసిన గుంట అంచుల్ని ఏటవాలుగా చెక్కండి. నిటారుగా వదిలేస్తే అరగంట ప్రయాణంలో ఆ గట్టు తొడకు తగులుతూనే ఉంటుంది. ఫోమ్ కింద గోనెలాంటి గుడ్డ ఉంటే పారేయకండి. అది లేకపోతే కింది ఇనుము ఫోమ్‌ను కొరికేస్తుంది.

బిగించేటప్పుడు నాలుగు బోల్టులనూ చేత్తో మొదలుపెట్టి, మర సరిగ్గా పట్టాకే రెంచి వేయండి. సీటు పూర్తిగా ముందుకు జరిపి వెనక బోల్టులు, వెనక్కి జరిపి ముందు బోల్టులు బిగించాలి. అలా చేస్తేనే రెండు రెయిళ్లూ ఒకదానికొకటి సమాంతరంగా కూర్చుంటాయి.

టాప్ తీసి నడిపేవాళ్లు, ముఖ్యంగా రోల్ బార్ (బండి తిరగబడితే తలను కాపాడే ఇనుప కమాను) వేయించుకున్నవాళ్లు, ఒక చీపురు కర్ర తీసుకోండి. ఒక కొసను రోల్ బార్ పైన, మరో కొసను ముందు అద్దం ఫ్రేము పైన ఆనించండి. మీరు మామూలుగా కూర్చున్నప్పుడు తల ఆ కర్రకు రెండంగుళాలు కిందుండాలి. ట్రాక్ మీదికి వెళ్తే హెల్మెట్ పెట్టుకుని కొలవాలి. కర్ర తలకు తగిలితే సీటు ఇంకా దిగాల్సిందే. ఇక సిగ్నల్ దగ్గర స్టాప్ లైనుకు ఒక కారు పొడవు వెనకే ఆగితే మెడ వంచే పని సగం తప్పుతుంది.

ప్రశ్న (సిడ్నీ): టయోటా 86 నడుపుతున్నాను. రెండు గంటలు దాటితే తొడలు తిమ్మిరెక్కుతున్నాయి. ముందు బోల్టుల కింద వాషర్లు పేర్చి సీటు వెనక్కి వంచమని సలహా ఇచ్చారు. ఎన్ని మిల్లీమీటర్లు? ఏమైనా ప్రమాదమా?

జవాబు: వాషర్ల దాకా వెళ్లకముందు రెండు చూడండి. ఒకటి, వెనక జేబులో పర్సు. నవ్వకండి, ఒక పక్క తొడ మాత్రమే తిమ్మిరెక్కితే తొంభై పాళ్లు అదే. రెండు, సీటు పక్కనున్న పంపు లివర్‌తో సీటును మరీ పైకి లేపారేమో. సీటు ఎత్తుగా ఉంటే మడమలు నేల మీద సరిగ్గా ఆనవు, సీటు ముందు అంచు తొడ కింద నొక్కుతుంది. అలాంటప్పుడు ముందు భాగం ఇంకా లేపితే బాధ పెరుగుతుందే గానీ తగ్గదు. మోకాలి వెనకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. తొడ కింద చేయి పెడితే మధ్య ఖాళీ ఎక్కువగా తెలుస్తుంటేనే వాషర్ల వైద్యం పనిచేస్తుంది.

లెక్క ఇది. ముందు బోల్టుకూ వెనక బోల్టుకూ మధ్య 35 సెంటీమీటర్లు ఉందనుకుంటే 12 మిల్లీమీటర్లు లేపితే సీటు సుమారు రెండు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. మీ కారులో ఆ దూరం కొలిచి లెక్క వేసుకోండి. మొదటి విడత 6 నుంచి 8 మిల్లీమీటర్లు చాలు, ఒక వారం నడిపి చూడండి. సీటంతా వాలుతుంది కాబట్టి బ్యాక్‌రెస్ట్‌ను అంతే ముందుకు తెచ్చుకోవాలి.

ప్రమాదం బోల్టులో ఉంది. వాషర్లయినా, వాటి బదులు పెట్టే ఉక్కు దిమ్మయినా 10 మిల్లీమీటర్లది కిందకు వెళ్తే పాత బోల్టు మరలో 10 మిల్లీమీటర్లు తక్కువ దిగుతుంది. ఉక్కులో బోల్టు వ్యాసమెంతో కనీసం అంత లోతు మర పట్టి ఉండాలి. ఎం8 బోల్టుకు (వ్యాసం 8 మిల్లీమీటర్లు) 8 మిల్లీమీటర్లు, అంటే మర గీతల మధ్య 1.25 మిల్లీమీటర్లుంటే దాదాపు ఆరున్నర చుట్లు. కాబట్టి దిమ్మ ఎంత మందమైతే బోల్టు అంత పొడవుది కొనాలి. బోల్టు తల మీద దాని బలం చెప్పే అంకె పాత బోల్టు అంకెకు తగ్గకూడదు. 10.9 తీసి 8.8 వేయకండి. నాలుగు పల్చటి వాషర్లు పేర్చే బదులు ఒకే ఉక్కు దిమ్మ తిప్పించుకోండి. పేర్చినవి కొన్నాళ్లకు సర్దుకుని బిగువు వదులుతాయి. టార్క్ (ఎంత బలంతో బిగించాలో చెప్పే) అంకె మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లోదే వాడండి. 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచి వేసి చూడండి.

ఆ సీటు పక్కనే ఎయిర్‌బ్యాగు ఉంటుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది దానిదే. సీటు ఎత్తకుండా దిమ్మ పెట్టేయగలిగితే దాన్ని ముట్టుకోకండి. తప్పనిసరైతే ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి ఆగాలి. టయోటా మాన్యువల్ 90 సెకన్లు అంటుంది, మూడు నిమిషాలు ఆగితే పోయేదేం లేదు. కనెక్టర్ ఊడి ఉండగా పొరపాటున కూడా తాళం తిప్పవద్దు. తిప్పితే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, స్కానర్‌తో చెరిపే దాకా ఆరకపోవచ్చు. ఆ తీగల మీద మల్టీమీటర్ పెట్టడం అసలే వద్దు. ఎలక్ట్రిక్ సీటున్న కార్లవాళ్లకు ఒక మాట: బ్యాటరీ తీయకముందే సీటు ముందుకు నడిపి వెనక బోల్టులు, వెనక్కి నడిపి ముందు బోల్టులు వదులు చేసుకోండి. కరెంటు తీశాక సీటు కదలదు, బోల్టు దాని కిందే ఉండిపోతుంది.

ప్రశ్న (చెన్నై): మినీ కూపర్ ఎస్‌ను శ్రీపెరుంబుదూర్ దగ్గరి ట్రాక్‌కు తీసుకెళ్తుంటాను. కదలని బకెట్ సీటు వేయిద్దామంటే మెకానిక్ ఎయిర్‌బ్యాగు లైటు వెలగకుండా రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) పెడతానంటున్నాడు. పెట్టించవచ్చా?

జవాబు: రెసిస్టర్ లైటును ఆర్పుతుంది, పాత సీటుతో పాటు పోయిన ఎయిర్‌బ్యాగును తిరిగి ఇవ్వదు. కారు కంప్యూటర్ అంతా బాగుందనుకుంటుంది, మీ పక్కన మాత్రం ఏమీ ఉండదు. రోజూ ఆఫీసుకు వెళ్లే కారు అదే అయితే వద్దనే అంటాం. ట్రాక్‌కే కేటాయించిన కారైతే సరే.

సీటు మీద ఎఫ్ఐఏ (అంతర్జాతీయ కారు పోటీల సంస్థ) వారి 8855-1999 ప్రమాణం లేబుల్ ఉందా, తయారీ ఏడాది ఎంత అని చూడండి. పోటీల్లో దాని ఆయుష్షు తయారైనప్పటి నుంచి అయిదేళ్లు. ఇదే పేరుతో నకిలీలు బాగా తిరుగుతున్నాయి, ధర మరీ తక్కువైతే అనుమానించండి. ఎఫ్ఐఏ నియమాల ప్రకారం సీటు కనీసం నాలుగు చోట్ల 8 మిల్లీమీటర్ల బోల్టులతో పట్టి ఉండాలి. పక్క బ్రాకెట్లు ఉక్కువైతే 3 మిల్లీమీటర్లు, అల్యూమినియమైతే 5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. వెల్డింగ్ షాపులో పల్చటి రేకు వంచి చేసేవి పనికిరావు. అయిదు పట్టీల బెల్టు వేస్తే భుజం పట్టీలు వెనక్కి దాదాపు అడ్డంగా వెళ్లాలి, కిందికి 10 డిగ్రీలు మించకపోతే మేలు. 45 డిగ్రీలు దాటితే గుద్దుకున్నప్పుడు వెన్నును కిందికి నొక్కేస్తుంది.

బకెట్ సీటులో ఎత్తు మార్చేది బ్రాకెట్ రంధ్రాలతోనే. అందుకే హెల్మెట్, బూట్లు వేసుకుని కూర్చుని చూశాక గానీ చివరి రంధ్రం వేయించకండి.

ప్రశ్న (విశాఖపట్నం): సీటు లేపాక రెండు మూడు రోజుల్లో దానంతటదే దిగిపోతోంది.

జవాబు: పంపు లివర్ లోపల బరువును పట్టి ఉంచే భాగం అరిగింది. విప్పి బాగుచేసే వస్తువు కాదది, పంపు యూనిట్ మొత్తం మార్చాలి. లింకుల్ని వెల్డ్ చేసి ఒక ఎత్తులో బిగించేస్తామనేవాళ్లకు కారు ఇవ్వకండి.

ప్రశ్న (గుంటూరు): బ్రేకు కొట్టినప్పుడల్లా సీటు కింద టక్‌మంటోంది.

జవాబు: జరిపే కడ్డీ వదిలాక రెండు రెయిళ్ల తాళాలూ పడాలి. ఒకటే పడితే సీటు అర పన్ను దూరం కదిలి టక్‌మంటుంది. బండి ఆపి, కడ్డీ వదిలి, పాదాలు నేలకు తన్ని సీటును ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. ఒక పక్క ఆడితే ఆ పక్క రెయిల్లో నాణేలు, పెన్ను మూతలు, ఎండిన జిడ్డు వెతకండి. శుభ్రం చేశాక కూడా ఆడుతుంటే రెయిలు మార్చేదాకా ఆ కారు బయటికి తీయకండి.