వెతికిన పేరు ఎవరైనా ఎత్తుకుపోతారా?

చిరంజీవి సుజాతకు,
బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. మంగళగిరి చీరల దుకాణానికి అనుకున్న డొమైన్ పేరు (వెబ్‌సైటు చిరునామా) రాత్రి ఖాళీగా కనబడి, పొద్దున్నకల్లా ఎవరి చేతికో పోయిందని రాశావు. వెతికిన సైటువాళ్లే కాజేశారని నీ అనుమానం. ఇక ఏ పేరూ వెతకనని మానేశావట. అలా మానెయ్యకమ్మా. నీ అనుమానం ఊరికే పుట్టింది కాదు, అలా నిజంగానే జరిగిన రోజులున్నాయి. కానీ ఇప్పుడు పేర్లు పోతున్నది చాలావరకు వేరే దారుల్లో.

ముందు ఒక పని చెయ్యి. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ (lookup.icann.org) తెరిచి ఆ పేరు కొట్టు. అది ఎప్పుడు రిజిస్టరైందో తేదీ, టైముతో సహా వస్తుంది. అక్కడి టైముకి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. నువ్వు వెతికిన రోజు కంటే ముందు తేదీ ఉంటే ఎవరూ కాజెయ్యలేదు, సైటు నీకు తప్పు చూపించిందన్నమాట. ఇది తరచూ జరిగేదే. తేదీ సరిగ్గా ఆ రాత్రిదే అయితే మాత్రం, "ఈ పేరు అమ్మకానికి ఉంది" అన్న పేజీ కనిపించినా సరే, ధర అడుగుతూ వాళ్లకు రాయకు. నువ్వు అడిగావంటే ఆ పేరుకు గిరాకీ ఉందని నువ్వే చెప్పినట్టు. ఐదు రోజులు ఆగి మళ్లీ చూడు.

ఐదు రోజులెందుకంటే, డాట్ కామ్ లాంటి పేర్లను రిజిస్టర్ చేసిన ఐదు రోజుల్లోగా రద్దు చేస్తే రిజిస్ట్రార్‌కు, అంటే మనకు పేరు అమ్మే కంపెనీకి, రిజిస్ట్రీ, అంటే ఆ పేర్లన్నిటి మూల జాబితా నడిపే సంస్థ, డబ్బు వెనక్కి ఇచ్చేస్తుంది. పొరపాటున తప్పు స్పెల్లింగు కొట్టినవాళ్ల కోసం పెట్టిన సౌకర్యమది. 2008 దాకా దాన్ని కొందరు వ్యాపారంగా మార్చారు. లక్షల పేర్లు తీసుకోవడం, వాటి మీద ప్రకటనలు పెట్టడం, నాలుగు రాళ్లు రాల్చేవి ఉంచుకుని మిగిలినవి ఐదో రోజులోగా వదిలేయడం. పైసా ఖర్చు లేదు. అడ్వాన్సు ఇవ్వకుండానే ఊళ్లో స్థలాలన్నిటికీ కంచె వేసుకోవడం లాంటిది. అలాంటి రోజుల్లో ఇతరులు వెతికిన పేర్ల జాబితా దొరికితే ఎవరైనా వాడుకుంటారు కదా. అప్పుడే, 2008 జనవరిలో, నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే పెద్ద రిజిస్ట్రార్ తమ సైటులో ఎవరు ఏ పేరు వెతికినా దాన్ని నాలుగు రోజులపాటు తమ దగ్గరే ఆపి ఉంచుతోందని బయటపడింది. ఆ నాలుగు రోజులూ ఇంకెక్కడా అది కొనడానికి వీల్లేదు. వాళ్ల ధర 35 డాలర్లు, బయట 10 డాలర్లలోపే దొరికేది. దొంగల నుంచి కస్టమర్లను కాపాడటానికే అలా చేశామని వాళ్లు చెప్పుకున్నారు. కోర్టులో కేసు కూడా పడింది. నా మాట అడిగితే, పేరు వెతికిన మనిషిని అడక్కుండా దాన్ని బంధించడం కాపాడటం అనిపించుకోదు.

ఇంటర్నెట్ పేర్లను చూసే ఐకాన్ సంస్థ ఆ తర్వాత ఈ తలుపు మూసింది. ఒక రిజిస్ట్రార్ ఒక నెలలో నమోదు చేసిన కొత్త పేర్లలో పదో వంతు దాటి రద్దు చేస్తే ఆ పైవాటికి డబ్బు వెనక్కి రాదని నియమం పెట్టింది. 2008 జూన్ నుంచి 2009 ఏప్రిల్‌కల్లా అలాంటి రద్దులు 99.7 శాతం తగ్గిపోయాయి. ఇప్పుడు డాట్ కామ్ పేరుకు రిజిస్ట్రీ తీసుకునేదే ఏడాదికి పది డాలర్ల పైమాటే, మన డబ్బుల్లో తొమ్మిది వందలకు అటూ ఇటూ. జనం రోజూ వెతికే పేర్లన్నీ ఆ ధరకు కొనేవాడు నిలబడలేడు. అసలు జరగనే జరగదని కాదు. ఆ పదో వంతు వెసులుబాటు ఇంకా ఉంది కాబట్టి, తెలియని సైట్లలో వెతకవద్దనే చెబుతాను. ఐకాన్ లుకప్‌లోనో, నువ్వు కొనబోయే రిజిస్ట్రార్ దగ్గరో చూడు, చాలు. బ్రౌజర్లో కొట్టి చూడటం కూడా పనికిరాదు. పేరు అమ్ముడైపోయినా సైటు తెరవనివి కొల్లలుగా ఉంటాయి.

మరి నీ పేరు ఎలా పోయింది? మంగళగిరి, చేనేత, వీవ్స్, శారీస్ — ఈ నాలుగు మాటలను అటూ ఇటూ కలిపితే వచ్చే పేర్లు ఎన్నో ఉండవు. చీరల వ్యాపారం మొదలుపెట్టే ప్రతివాళ్లకూ అవే తడతాయి. ఊరి పేరు వదిలిపెట్టు. నీదే అనిపించే మాట ఒకటి పట్టుకో, అది ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క తీరులోనే రాయగలిగేదై ఉండాలి. చేనేత అంటే "త"కి హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. రెండో స్పెల్లింగు వేరేవాళ్ల దగ్గరుంటే నీ కొనుగోలుదారు అక్కడికే పోతుంది. ఇది చిన్న విషయం కాదు. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వాళ్ల పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే, "సిఫీ" పేరులో ఇంకో "ఎఫ్" చేర్చి డొమైన్లు పెట్టుకున్న వాళ్లమీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కులాగే రక్షణ ఉంటుందని 2004లో కోర్టు తేల్చింది. ఆ తీర్పు మనకు అండే, కానీ నీ దుకాణానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్తోమత లేదు కదా.

కాబట్టి వెతకడం ఆఖరి పని కావాలి. ముందు కాగితం మీద ఐదారు పేర్లు రాసుకుని ఇంట్లోనే తేల్చుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి ఓట్లు అడగవద్దు. డబ్బు కట్టడానికి సిద్ధమయ్యాకే సైటు తెరువు. ఖాళీగా ఉంటే ఆ కూర్చున్నప్పుడే కొనెయ్, రేపు మీ ఆయన్ని అడిగి కొందామనుకోకు. డాట్ కామ్‌తోపాటు డాట్ ఇన్ కూడా అప్పుడే తీసుకో. కొత్తగా రిజిస్టరైన డాట్ కామ్ పేర్ల జాబితాను రోజూ తెప్పించుకుని చూసేవాళ్లున్నారు, అదే పేరుకు డాట్ ఇన్ లాంటి మిగిలిన కొసలు వాళ్లు పట్టుకుంటారు. కంపెనీగా నమోదు చేయించే ఆలోచన ఉంటే, దరఖాస్తుకు ముందే డొమైన్ కొను. ఆ రికార్డు ఎవరైనా చూడొచ్చు.

ఇంకొకటి, దీన్ని మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన చిన్న వ్యాపారుల పేర్లు పోవడం నేను ఎక్కువగా చూసింది వెతికిన రోజున కాదు, కొన్నాక. సైటు తయారుచేసే కుర్రాడు తన ఈమెయిల్ మీద కొంటాడు, రెండేళ్లకు వేరే ఊరు వెళ్లిపోతాడు, రెన్యువల్ నోటీసు యజమానికి చేరదు. గడువు దాటిన డాట్ కామ్ పూర్తిగా విడుదలయ్యే క్షణం కోసం కాచుకుని పట్టే కంపెనీలే ఉన్నాయి. పేరు నీ మీద, ఈమెయిల్ నీది, ఫోన్ నీది ఉండాలి. ఆటో రెన్యువల్ పెట్టుకో.

పేర్లు తేలాక వెతకకముందే నాకు ఫోన్ చెయ్యి. ట్రేడ్‌మార్క్ సైటులో 24, 25, 35 క్లాసులు (బట్టలు, దుస్తులు, అమ్మకాల వర్గాలు) ఇద్దరం కలిసి చూద్దాం. నువ్వు సొంత పేరు మీద వేస్తే ఆన్‌లైన్ దరఖాస్తు క్లాసుకు 4,500 రూపాయలు, అది కూడా ఖర్చులో రాసుకో.

మీ అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

మీ బాబాయి