ముందు రెండో ఆదివారం, తర్వాతే క్లబ్

బర్మింగ్‌హామ్ వచ్చి ఏడాది కూడా కాని దేవరకొండ తమ్ముడొకడు మొన్న అడిగాడు: "అన్నా, పాత మోరిస్ కారొకటి కొందామని చూస్తున్నా. మనోళ్లందరం కలిసి క్లాసిక్ కార్ల క్లబ్ పెడితే ఎట్లుంటది?"

ఇప్పుడే పెట్టకు తమ్ముడూ. నేను పెట్టి చూశాను కాబట్టే చెప్తున్నా. పదేళ్ల కింద వాట్సాప్‌లో గ్రూపు తెరిస్తే వారంలో అరవై మంది చేరారు. పేరేంటి, ప్రెసిడెంటెవరు, లోగోలో చార్మినార్ పెట్టాలా భువనగిరి కోట పెట్టాలా అని రెండు నెలలు పంచాయితీ. తీరా ఓ పబ్ పార్కింగులో మొదటి మీటింగ్ పెడితే వచ్చిన పాత కార్లు రెండు. అందులో ఒకటి నాది, అదీ దగ్గుకుంటూ, ఆగుకుంటూ వచ్చింది.

బానెట్ లేపి నిలబడితే పక్కనున్న ఓ తెల్ల పెద్దాయన అడక్కుండానే వచ్చాడు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతోందని చెప్పా. ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి పంపే ఎస్‌యూ కార్బ్యురేటర్ పైమూత విప్పి చూసి, లోపల నూనె ఎండిపోయిందన్నాడు. తన డిక్కీలోంచి ఇంజనాయిల్ డబ్బా తెచ్చి కాసింత పోశాడు. అంతే, బండి దారిన పడింది. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున అక్కడ పది పన్నెండు పాత బండ్లు చేరతాయట. పేరు లేదు, చందా లేదు. మా గ్రూపు అదే నెలలో మూతపడింది, నేను మాత్రం ఆ పార్కింగు వదల్లేదు.

ఇట్లాంటివి దాదాపు ప్రతి ఊళ్లో ఉంటాయి. పాత బండ్లు బాగుచేసే చిన్న గ్యారేజీలో అడిగితే ఎక్కడో, ఏ వారమో చెప్తారు. దాంతోపాటు నీ మోడల్ వాళ్ల క్లబ్‌లో కూడా చేరు, స్పేర్ పార్టులు దొరికేది వాళ్ల దగ్గరే. ఫెడరేషన్ ఆఫ్ బ్రిటిష్ హిస్టారిక్ వెహికల్ క్లబ్స్ జాబితాలో వెతుకు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అంటే మన అంబాసిడరే, ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో పుట్టింది. మా నాయన మిర్యాలగూడలో ఓ రైస్‌మిల్లు సేటు దగ్గర అంబాసిడర్ నడిపేవాడు. ఇక్కడ మొదటిసారి ఆక్స్‌ఫర్డ్ కారెక్కి హ్యాండ్ గేరు పట్టుకోగానే, ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని నల్లగొండ పోయిన రోజులు యాదికొచ్చాయి.

కొనేముందు లెక్కలు చూసుకో. మన లైసెన్సుతో ఇక్కడ నడపొచ్చేది 12 నెలలే. క్లాసిక్ ఇన్సూరెన్సు వాళ్లు బ్రిటన్ లైసెన్సు ఉందా, రోజూ తిరగడానికి ఇంకో కారుందా అని అడుగుతారు. కారు విలువ ముందే ఒప్పుకొని రాసిచ్చే పాలసీయే తీసుకో. 40 ఏళ్లు దాటిన బండికి రోడ్ టాక్స్ కట్టక్కర్లేదు, కానీ బండి రిజిస్ట్రేషన్‌ను హిస్టారిక్ కింద మార్పించుకోవాలి. పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష కూడా అక్కర్లేదు. నేనైతే ఏటా చేయిస్తాను, బ్రేకుల విషయంలో మొహమాటమెందుకు? పెట్రోలు మాత్రం ఈ5, అంటే ఇథనాల్ 5 శాతానికి మించనిది పోయించు. 2021 నుంచి మామూలు పంపులో వచ్చేది ఇథనాల్ 10 శాతం దాకా ఉండే ఈ10, దానికి పాత రబ్బరు పైపులు పాడవుతాయి.

ఏడాది తిరిగాక కూడా సొంత క్లబ్ మీద మనసు పోకపోతే అప్పుడు పెట్టు. పార్కింగు ఓనరును అడిగి ఒక రోజు ఖాయం చేసుకో, వానొచ్చినా మానొద్దు. నలుగురొచ్చినా నడుపు. డబ్బు వసూలు మొదలయ్యాకే ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరువు. మనోళ్లకే అని గిరి గీయకు, మనోళ్లలో పాత కార్లున్నవాళ్లు చాలా తక్కువ. బుల్లెట్లవాళ్లను కూడా పిలువు, రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారైన రెడ్డిచ్ మనకు పక్కూరే. మా ఆవిడ సర్వపిండి తెచ్చిన రోజు పెద్దాయనలు మధ్యాహ్నమైనా కదలరు, అదింకో సంగతి.

మీ నాయన 1974 అంబాసిడర్‌ని ఓడెక్కించి తెస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు. ఆ ఖర్చుతో ఇక్కడే మంచి బండి వస్తుంది. దాన్ని దేవరకొండలోనే ఉంచు. 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్చని బండ్లకు 2021 నుంచి మన దేశంలో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కొత్తగా ఇచ్చే నంబరులో వీఏ అని వస్తుంది, ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఆ రిజిస్ట్రేషన్‌తో రోజువారీ తిరుగుళ్లు కుదరవు, ప్రదర్శనకో ర్యాలీకో, రిపేరుకో తీయొచ్చు. దానికి పాత ఆర్‌సీ బుక్కు కావాలి. అది బీరువాలో ఉందో, చెదలు తిన్నదో ఈ ఆదివారమే మీ నాయనకు ఫోన్ చేసి కనుక్కో.