చిన్నాకు, పాత జపాన్ కుస్తీ చూసే ముందు

చిరంజీవి చిన్నాకు, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ మెసేజ్ చూశాను. శనివారం నువ్వూ నీ రూమ్మేట్లిద్దరూ కూర్చుని, నేను చెప్పిన 1995 జూన్ 9 నాటి జపాన్ కుస్తీ మ్యాచ్ పెట్టుకున్నారట. ఇరవై నిమిషాలయ్యేసరికి ఒకతను నిద్రపోయాడట. రెండో అతను "హాల్లో జనం ఉన్నారా, లేరా?" అని అడిగాడట. నువ్వు ఆపేసి, "మామయ్యా, ఇందులో ఏముందని ఇన్నేళ్లుగా చెబుతున్నావు?" అని నాకు రాశావు.

తప్పు నాది. నీకు మ్యాచ్ పేరు చెప్పాను కానీ దాని ముందు కథ చెప్పలేదు. కర్ణుడెవరో తెలియనివాడికి పదిహేడో రోజు యుద్ధం చూపిస్తే, రథచక్రం నేలలో దిగబడడం తప్ప ఏం కనిపిస్తుంది? ఆ మ్యాచ్ కూడా అలాంటిదే. ఈ ఉత్తరం నెమ్మదిగా చదువు. నీ స్నేహితులకు కూడా నీ మాటల్లో చెప్పు. వాళ్లు అమెరికాలో పుట్టి డబ్ల్యూడబ్ల్యూఈ చూస్తూ పెరిగారు. నువ్వు గుంటూరులో కేబుల్ టీవీ ముందు కూర్చుని, అదే చూస్తూ, ట్రంప్ కార్డులు మార్చుకుంటూ పెరిగావు. కుస్తీ విషయంలో మీ ముగ్గురివీ ఒకే కళ్లు.

నేను న్యూజెర్సీ వచ్చిన కొత్తలో, 1997లో, ఆఫీసులో ఒక అమెరికన్ స్నేహితుడు నాకు ఒక వీడియో క్యాసెట్ ఇచ్చాడు. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. ముఖాలు మసకగా కనిపించేవి. అప్పట్లో అమెరికా అభిమానులు జపాన్ టేపులను పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. రెండు దేశాల్లోనూ టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ కాబట్టి టేపు అలాగే ఆడేది. నేను ఆశపడి ఒకటి మీ నాన్నకు పంపాను. మన దగ్గర పాల్ పద్ధతి కావడంతో మీ ఇంటి వీసీఆర్‌లో బొమ్మ రంగు లేకుండా పైకీ కిందికీ దొర్లిందట. మీ నాన్న ఆ కుస్తీ చూడకుండానే ఉండిపోయాడు. ఆ లోటు నీతో తీర్చుకోవాలని నాకు ఎంతో కోరిక.

ముందుగా ఆ నిశ్శబ్దం గురించి చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని మొదట దెబ్బతీసింది అదే. అమెరికా షోలో జనం మొదటి నిమిషం నుంచీ అరుస్తూనే ఉంటారు, బోర్డులు ఎత్తుతారు, పాటలు పాడతారు. టోక్యోలో నిప్పాన్ బుదోకాన్ అనే హాలు ఉంది. 1964 ఒలింపిక్స్‌లో జూడో కోసం కట్టారు. అక్కడ పది వేలకు పైగా జనం కూర్చుని, మొదటి పది నిమిషాలు దాదాపు ఏమీ అనరు. అది విసుగు కాదురా. మా చిన్నప్పుడు నాన్నగారు తిరునాళ్లలో కుస్తీ చూపించడానికి తీసుకెళ్లేవారు. గోదా చుట్టూ పెద్దవాళ్లు ఒక్క మాట లేకుండా నిలబడేవారు. పట్టు ఎటు తిరుగుతుందో చూసేవారు. పట్టు తిరిగిన క్షణాన ఒక్కసారిగా కేక లేచేది. బుదోకాన్‌లో కూడా అంతే. ఒకడు మోచేత్తో కొట్టగానే ఎదుటివాడు తట్టుకుని నిలబడితే చిన్న "ఓ" అనే శబ్దం వస్తుంది. ఆ శబ్దం కోసం వాల్యూమ్ పెంచుకుని విను. ఇరవై ఐదో నిమిషానికి అదే జనం కాళ్లతో నేలను తొక్కుతూ, ఈ మ్యాచ్‌లో ఆడే మల్లుడి పేరు పట్టుకుని "మి-సా-వా, మి-సా-వా" అని పిలుస్తుంటారు. ఆ మార్పు ఏ దెబ్బతో మొదలైందో పట్టుకోగలిగితే, మ్యాచ్ మీకు అర్థమైనట్టే.

ఇక కథ. జపాన్‌లో 1972లో రెండు పెద్ద కంపెనీలు పుట్టాయి. ఆంటోనియో ఇనోకిది న్యూ జపాన్. జెయింట్ బాబాది ఆల్ జపాన్. బాబా అంతకుముందు యోమియురి జెయింట్స్ జట్టులో బేస్‌బాల్ పిచ్చర్, తర్వాత ఆయనే యజమాని, ఆయనే మల్లుడు. నువ్వు చూసింది ఆయన కంపెనీ మ్యాచ్. 1990 ప్రాంతంలో ఆయన ఒక నిర్ణయం తీసుకున్నాడు. రిఫరీని పక్కకు నెట్టి గెలవడం, కుర్చీతో కొట్టించుకుని డిస్క్వాలిఫై అవడం, బయటికి పారిపోయి తప్పించుకోవడం, ఇలాంటి ముగింపులు ఇక పెద్ద మ్యాచ్‌లలో ఉండవు. ఎవడో ఒకడు భుజాలు నేలకు ఆనించుకుని మూడు లెక్క పెట్టించుకోవాలి, లేదా పట్టు తట్టుకోలేక ఓటమి ఒప్పుకోవాలి, లేదా అరవై నిమిషాల గడువు అయిపోవాలి. చిన్న విషయంలా ఉంది కదా? మిగతాదంతా దీని మీదే నిలబడింది. ఓటమికి సాకు లేనప్పుడు, ఎవరు ఎవరి చేతిలో ఓడారన్నది జనం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. అమెరికా షోలో పోయిన నెల ఓడినవాడు ఈ నెల గెలిచేస్తాడు, ఎవరికీ పట్టదు. ఇక్కడ ఒక్క గెలుపు కోసం ఒక మనిషి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. అతని పేరు తోషియాకి కవాడా.

కవాడా, మిత్సుహారు మిసావా ఒకే హైస్కూల్లో కుస్తీ నేర్చుకున్నారు. మిసావా ఒక ఏడాది సీనియర్. మన కాలేజీల్లో సీనియర్లను అన్నా అని పిలుస్తామే, అక్కడ ఆ వరస ఇంకా బలంగా ఉంటుంది, జీవితమంతా వదలదు. మిసావా కొన్నేళ్లు టైగర్ మాస్క్ అనే పులి ముసుగు వేసుకుని ఆడాడు. 1990 మే 14న మ్యాచ్ మధ్యలో, వెనక ముడులు విప్పమని తన జోడీ కవాడాకే చెప్పి, ముసుగు తీసి జనంలోకి విసిరేశాడు. ఈ దృశ్యం నువ్వు తప్పకుండా చూడాలి. ముడులు విప్పిన ఆ చేతులే తర్వాత అతన్ని పడగొట్టడానికి అంతకాలం ప్రయత్నించాయి.

ఆ తర్వాత నెల కూడా తిరగకుండానే, జూన్ 8న, బుదోకాన్‌లో మిసావా జంబో త్సురుటాను ఓడించాడు. త్సురుటా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మల్లుడు, కంపెనీకి పెద్ద దిక్కు. మూడు పాత ఛాంపియన్ బెల్టులను కలిపి ట్రిపుల్ క్రౌన్ అనే ఒకే టైటిల్ చేసినప్పుడు మొదటి ఛాంపియన్ ఆయనే. అలాంటివాడు ముసుగు తీసిన కుర్రవాడి చేతిలో ఓడితే హాల్లో ఏడ్చినవాళ్లు కనిపిస్తారు. మొదట ఈ మ్యాచ్ పెట్టు. అరగంట కూడా పట్టదు, మీ స్నేహితులకు భాష రాకపోయినా ఎవరు పెద్దవాడో ఎవరు పిల్లవాడో ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది.

రెండోది, 1991 ఏప్రిల్ 20, కొరాకుయెన్ హాల్. చిన్న హాలు, రెండు వేల మందికి మించి పట్టరు, కెమెరా దగ్గరగా ఉంటుంది. ఒకవైపు త్సురుటా, అకిరా తావే, మసనోబు ఫుచి. రెండోవైపు మిసావా, కవాడా, కెంటా కోబాషి. యాభై నిమిషాలు దాటుతుంది, అయినా భయపడకండి. ఆరుగురు ఉన్నారు కాబట్టి ఎవరో ఒకరు ఎప్పుడూ కొత్తగా లోపలికి వస్తుంటారు. ఇందులో పెద్దవాళ్ల కోపం చూడు. ఫుచి కోబాషిని పట్టుకుని ఎంత నింపాదిగా, ఎంత కసిగా వాడి పని పడతాడో చూడు. జపాన్ కుస్తీలో వయసుకున్న బరువు నాకు మొదటిసారి అర్థమైంది ఈ మ్యాచ్‌లోనే. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, పేరు మోసిన పెద్ద మ్యాచ్‌లన్నీ పక్కనపెట్టి దీన్నే ఎంచుకుంటాను.

1992 చివర్లో త్సురుటాకు కాలేయ వ్యాధి వచ్చి పై స్థాయి నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే మిసావా ఆ ఏడాది ఆగస్టులో స్టాన్ హాన్సెన్ అనే అమెరికన్ మల్లుడి మీద గెలిచి ట్రిపుల్ క్రౌన్ ఛాంపియన్ అయ్యాడు. 1993లో కవాడా మిసావా పక్కనుంచి వెళ్లిపోయి తావేతో జత కట్టాడు. మిసావా పక్కకు కోబాషి వచ్చాడు. మిసావా, కవాడా, తావే, కోబాషి, ఈ నలుగురినీ జపాన్‌వాళ్లు షితెన్నో అంటారు. బౌద్ధంలో నాలుగు దిక్కులను కాపాడే చతుర్మహారాజులు ఉంటారే, ఆ మాటే అది, మన దేశం నుంచే అక్కడికి వెళ్లిన ఊహ. మీకు ముఖాలు కలిసిపోతుంటే రంగులు గుర్తుపెట్టుకోండి: మిసావాది ఆకుపచ్చ, కవాడాది నలుపు పసుపు, కోబాషిది నారింజ, తావేది ఎరుపు.

1994 జూన్ 3న మిసావా, కవాడా ట్రిపుల్ క్రౌన్ కోసం తలపడ్డారు. మాటలతో చెప్పలేనిది అందులో చాలా ఉంది. కవాడా గెలుస్తాడని నువ్వు ఒకటి రెండుసార్లు నిజంగా నమ్ముతావు. చివరికి మిసావా చాలా అరుదుగా వాడే ఒక ఎత్తు బయటికి తీశాడు, రెండు చేతులూ వెనక బిగించి మెడ మీద పడేసే ఎత్తు. తమ్ముడి వరస వాడిని ఆపడానికి అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు 1995 జూన్ 9కి, అంటే మీరు ఆపేసిన జోడీల మ్యాచ్‌కి వద్దాం. ఒకవైపు మిసావా, కోబాషి. రెండోవైపు కవాడా, తావే. ఆ ఏడాది జనవరి 17న కోబేలో భూకంపం వచ్చింది. రెండు రోజులకే పక్కనున్న ఒసాకాలో కవాడా, కోబాషి అరవై నిమిషాలు ఆడి డ్రాగా ముగించారు. జనవరి 24న ఈ నలుగురూ జోడీలుగా మరో అరవై నిమిషాలు ఆడితే మళ్లీ డ్రా. ఏప్రిల్‌లో కవాడా తన్నిన తన్నుకు మిసావా కంటి చుట్టూ ఎముక విరిగింది. అంటే జూన్‌లో వాళ్లు రింగులోకి వచ్చేసరికి ప్రతి ప్రేక్షకుడికీ మూడు సంగతులు తెలుసు. మిసావా ముఖం ఇంకా గట్టిపడలేదు. కోబాషి కాలికి కట్టు ఉంది. కవాడా ఇప్పటివరకు ఒక్కసారి కూడా మిసావా భుజాలు నేలకు ఆనించలేదు.

ఇవి మనసులో పెట్టుకుని ఆ ఇరవై నిమిషాలూ మళ్లీ చూడు. మీకు నెమ్మదిగా అనిపించిన చోట కవాడా, తావే కోబాషి కాలును పద్ధతిగా పాడుచేస్తున్నారు, మిసావాకు తోడు లేకుండా చెయ్యాలని. తర్వాత తావే రింగు అంచు మీద నిలబడి, మిసావాను గొంతు పట్టుకుని కిందికి పడేస్తాడు. అప్పుడు కోబాషి ఏం చేస్తాడో గమనించు. కొట్టే శక్తి లేదు, నడిచే శక్తి లేదు. పాకుతూ వెళ్లి మిసావా మీద పడుకుని, తన ఒంటితో కప్పేస్తాడు, ఆ దెబ్బలేవో తనకే తగలనిమ్మని. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా గొంతు పూడుకుపోతుంది. నలభై రెండు నిమిషాలు దాటాక కవాడా పవర్‌బాంబ్‌తో, అంటే పైకెత్తి వీపు మీద నేలకు కొట్టే ఎత్తుతో, మిసావాను పడేస్తే, రిఫరీ మూడోసారి చెయ్యి కొట్టినప్పుడు వచ్చే కేకలో ఆ ఏళ్లన్నీ ఉంటాయి. ఒంటికి ఒంటి మ్యాచ్‌లో ఛాంపియన్ మిసావాను ఓడించి బెల్టులు తీసుకోవడానికి కవాడా 1998 మే 1, టోక్యో డోమ్ వరకు ఆగాల్సి వచ్చింది. అది మరో నెల చూద్దువుగాని.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఈ మ్యాచ్‌లలో మనుషులు మెడ మీద, తల మీద పడతారు. ఇంటర్నెట్‌లో ఆ పడటాలను మాత్రమే కత్తిరించి, ఒకదాని పక్కన ఒకటి అతికించి పెడతారు. దయచేసి అవి చూడకు, మీ స్నేహితులకు చూపించకు. మిసావా 2009 జూన్ 13న హిరోషిమాలో రింగులోనే ఒక సుప్లెక్స్, అంటే ఎత్తి వెనక్కి పడేసే ఎత్తు, తర్వాత లేవలేదు, ఆ రాత్రే చనిపోయాడు. అప్పటికి నలభై ఆరేళ్లు. ఆ వార్త తెలిసిన రోజు నేను ఆఫీసుకు వెళ్లలేకపోయాను. అన్నేళ్లు ఆ మెడ మోసిన బరువును మేము టేపులు తిప్పి తిప్పి చూసి సంతోషించాం. చూడొద్దని నేను అనను, నేను ఇప్పటికీ చూస్తాను. అలాంటి చోట మాత్రం కేకలు వెయ్యకండి, నాకోసం.

మీకు విచిత్రంగా అనిపించే చిన్న చిన్న సంగతులు ఉంటాయి. పేర్లు చదివేటప్పుడు జనం రంగు కాగితపు రిబ్బన్లు విసురుతారు, కుర్రాళ్లు గబగబా ఏరేస్తారు. ట్రిపుల్ క్రౌన్ మ్యాచ్ ముందు ఒక పెద్దాయన ప్రకటన చదువుతాడు. షో మొదట్లో వయసైన మల్లులు నవ్వించే మ్యాచ్‌లు ఆడతారు, అందులో జెయింట్ బాబా కూడా ఉంటాడు. వాటిని దాటించకండి, ఆ నవ్వుల వల్లే తర్వాత వచ్చే నిశ్శబ్దం అంత చిక్కగా ఉంటుంది. కామెంటరీ అర్థం కాలేదని టెన్షన్ పడొద్దు, గొంతు పెరగడం తగ్గడం చాలు. టీవీలో వచ్చిన ముక్కలు కాకుండా పూర్తి మ్యాచ్ దొరికిందో లేదో మాత్రం చూసుకో. ఆ రోజుల్లో అర్ధరాత్రి అరగంట కార్యక్రమం కోసం మధ్యలో చాలా కోసేసేవారు, కోసిన చోటల్లా కథ తెగిపోతుంది. న్యూ జపాన్, ఆడవాళ్ల ఆల్ జపాన్ విమెన్స్ గొప్పవే, కానీ ఈ నెలంతా వాటి జోలికి పోవద్దు.

ఈ శనివారం ముసుగు తీసిన దృశ్యం, త్సురుటాతో మ్యాచ్, అంతే. పై శనివారం ఆరుగురి మ్యాచ్. మధ్యలో ఆపకుండా, ఫోన్లు వేరే గదిలో పెట్టి చూడండి. నిద్రపోయిన అబ్బాయి కోబాషి గురించి ఏమంటాడో నాకు వినాలని ఉంది, ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి. అత్తయ్య గోంగూర పచ్చడి పార్సిల్ చేసింది, బుధవారానికి అందుతుంది.

మీ మామయ్య