పాత బైక్‌ను ఇంట్లోనే కస్టమైజ్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు వైరింగ్, పెయింట్ ఆఖరున

"ఏళ్లుగా మూలన పడి ఉన్న పాత బండి ఒకటి ఉంది. షెడ్డులో నేనే కేఫ్ రేసర్‌లా, అంటే హ్యాండిల్ కిందికి దించిన రేసు తరహా బండిలా మార్చుకుందామనుకుంటున్నాను. ముందు ట్యాంకుకు పెయింట్ వేయించాలా, సీటు మార్చాలా, వెనక ఫ్రేము కోయాలా?" అని అడిగారు.

మూడూ కాదండీ. ముందు బండిని ఉన్నది ఉన్నట్టుగా స్టార్ట్ చేయండి. స్టార్ట్ అయ్యాక కొన్నాళ్లు నడపండి. గేర్లు సరిగ్గా పడుతున్నాయా, బ్రేకు ఒకవైపు లాగుతోందా, బ్యాటరీకి ఛార్జింగ్ అందుతోందా చూసుకోండి. గ్రైండర్ బయటికి తీయడం ఆ తర్వాతి సంగతి. మొదటిరోజే అన్నీ ఊడదీసి, కోసి, రంగులేసి మళ్లీ బిగించారనుకోండి, అప్పుడు బండి కదలకపోతే ఆ జబ్బు పాతదో మీరు తెచ్చిపెట్టిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అమ్మకానికి వచ్చే సగం చేసిన ప్రాజెక్టు బండ్లను చూడండి. ట్యాంకు అద్దంలా మెరుస్తుంటుంది, కార్బురేటర్లు మాత్రం అట్టపెట్టెలో ఉంటాయి.

నా దగ్గరున్న బండి అలా వచ్చిందే. రెండు సిలిండర్ల పాత జపాన్ బండి, ఎవరో సగం చేసి వదిలేశారు. ఫ్రేముకు కొత్తగా నల్లటి పౌడర్ కోటింగ్ చేయించారు, చూడటానికి చాలా బాగుంది. తోస్తే వెంటనే స్టార్ట్ అయ్యేది. సెల్ఫ్ నొక్కితే మాత్రం 'టక్' మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోయేది. నాకంటే ముందున్నాయన బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారులో బ్రష్‌లు మార్చాడు, రిలే కూడా కొత్తది వేశాడు. ఇక చేసేదేమీ లేదని విసిగిపోయి అమ్మేశాడు.

క్లచ్ పట్టుకుని వరసగా సెల్ఫ్ నొక్కుతుంటే హ్యాండిల్ దగ్గర ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది. ఎక్కడినుంచా అని ఒక్కో వైరూ తడిమి చూస్తే క్లచ్ కేబుల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. క్లచ్ కేబుల్లో కరెంటు ఉండదు కదా! లివర్ లాగితే క్లచ్‌ను కదిలించే ఇనప తీగ అది, అంతే. అది వేడెక్కిందంటే అందులోంచి కరెంటు పోతున్నట్టే. అక్కడితో నాకు విషయం అర్థమైపోయింది.

ఇంజిన్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ కరెంటు బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు కేబుల్లో మోటారుకు వస్తుంది. మోటారు బాడీ ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి తిరుగుదారి ఇంజిన్ కేసింగ్ నుంచే, అక్కణ్ణుంచి అది బ్యాటరీ నెగటివ్‌కు చేరాలి. ఈ బండిలో నెగటివ్ కేబుల్ ఫ్రేముకే బిగించి ఉంది. ఇంజిన్‌కు వెళ్లాల్సిన ఎర్త్ పట్టీ అసలు లేదు. అది లేకపోయినా మామూలుగా ఇంజిన్ మౌంటింగ్ బోల్టుల ద్వారా పని జరిగిపోతుంటుంది. కానీ పౌడర్ కోటింగ్ అంటే కాల్చి అతికించిన ప్లాస్టిక్ పొర, దానిగుండా కరెంటు పోదు. బోల్టు కూర్చునే చోట కూడా ఆ పొర మందంగా ఉంది. తిన్నటి దారి మూసుకుపోయేసరికి కరెంటు క్లచ్ కేబుల్ పట్టుకుని హ్యాండిల్‌కు ఎక్కి, స్టీరింగ్ బేరింగుల మీదుగా ఫ్రేములోకి దిగుతోంది. వంద ఆంపియర్లకు ఆ సన్న తీగ ఏం సరిపోతుంది!

మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఇంకొకటి ఇంజిన్ మీద రంగులేని చోట ఆనించి సెల్ఫ్ నొక్కాను. ఆరోగ్యంగా ఉన్న బండిలో అది అర వోల్టు కూడా చూపకూడదు. ఇక్కడ 5 వోల్టులు దాటింది. అంటే 12 వోల్టుల బ్యాటరీలో సగానికి దగ్గరగా తిరుగుదారిలోనే ఖర్చయిపోతోంది. మోటారుకు మిగిలిన దానితో ఇంజిన్ ఎలా తిరుగుతుంది?

మౌంటింగ్ బోల్టు విప్పి ఆ చుట్టూ గరుకు కాగితంతో రుద్దాను. నల్లటి పొర ఉల్లిపొట్టులా లేచి, లోపల ఇనుము తెల్లగా మెరిసింది. పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా పైన వాసెలిన్ పూశాను. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ కేసింగ్ బోల్టుకు నేరుగా ఇంకో లావు కేబుల్ వేశాను. ఈసారి సెల్ఫ్ మీద వేలు పెట్టీ పెట్టకముందే ఇంజిన్ అందుకుంది. క్లచ్ కేబుల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అంటుకుపోయింది కాబట్టి దాన్ని మాత్రం మార్చాల్సి వచ్చింది.

అందుకే నా మాట ఇది: కస్టమ్ బండి అంటే ముందు వైరింగ్. ఫ్రేము కోటింగుకు ఇచ్చే ముందు ఎర్త్ బోల్టులు, ఇంజిన్ మౌంటింగులు, మరలు, బేరింగులు కూర్చునే చోట్లు టేపుతోనో ప్లగ్గులతోనో మూయించండి. ఛాసిస్ నంబరు మీద మందంగా పడిందంటే తర్వాత కాగితాల దగ్గర ఇబ్బంది పడేది మీరే.

వైరింగులో నాకు కోపం తెప్పించేవి రెండున్నాయి. ఒకటి, మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు. ఇంటి గోడలోని వైరు కదలదు, బండిలోని వైరు నిమిషం కూడా కదలకుండా ఉండదు. సోల్డర్ చేసినా, గట్టిపడిన చోటుకూ మెత్తని వైరుకూ మధ్య అదురుకు విరుగుతుంది. మంచి క్రింపింగ్ ప్లయర్ కొనుక్కుని టెర్మినల్స్ వేసుకోండి. రెండోది, అన్నీ దాచేయాలనే పిచ్చి. సీటు కింద ఖాళీ కనిపించాలని బ్యాటరీకి వెళ్లే ఛార్జింగును అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెక్టిఫయర్‌ను గాలి తగలని మూలలో కుక్కేస్తారు. అది వేడిని బయటికి వదలాల్సిన వస్తువు, దానికి రెక్కలు పెట్టిందే అందుకు. గాలి తగలక అది పాడైతే బ్యాటరీ ఉడికిపోతుంది, లేదా ఛార్జింగే ఉండదు. ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ దగ్గర కొలిచి చూడండి, 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి.

కార్బురేటర్లకు గాలిని వడకట్టి పంపే ఎయిర్ బాక్స్ సంగతి కూడా చెప్పాలి. దాన్ని పీకేసి చిన్న పాడ్ ఫిల్టర్లు తగిలిస్తే బండి స్పీడు పెరుగుతుందని నమ్మేవాళ్లు చాలామంది. వాక్యూమ్‌తో స్లైడు పైకి లేచే సీవీ కార్బురేటర్లున్న బండ్లలో ఎయిర్ బాక్స్‌ కూడా లెక్కలో భాగమే. అది తీసేస్తే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువై సగం థ్రాటిల్ దగ్గర ఇంజిన్ తడబడుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది. కార్బురేటర్లో పెట్రోలును కొలిచి వదిలే జెట్లు మార్చి, సూది ఎత్తు సరిచేసి, మళ్లీ మళ్లీ నడిపి చూసుకునే ఓపిక ఉంటే సరే. లేకపోతే ఎయిర్ బాక్స్ జోలికి వెళ్లకండి.

కేఫ్ రేసర్ మాటకొస్తే, 1960లలో లండన్‌లో ఏస్ కేఫ్ దగ్గర చేరిన కుర్రాళ్లు హ్యాండిల్ కిందికి దించింది ఫొటో కోసం కాదు, గాలికి ఎదురు తగ్గించుకోవడానికి. నార్టన్ కంపెనీ ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ కంపెనీ ఇంజిన్ బిగించి ట్రైటన్ అన్నారంటే, మంచి ఫ్రేమూ మంచి ఇంజినూ ఒకచోట కావాలని. ఇప్పుడేమో గట్టి చతురస్రపు గళ్లున్న లావు టైర్లు వేసి, మలుపులో బండి వంగదని బాధపడుతున్నారు. పాత టైరు మీద గీతలు ఎంత లోతుగా ఉన్నా పక్కనున్న నాలుగంకెలు చదవండి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు.

ఇక ఫ్రేము కోయడం. వెనక షాక్ అబ్జార్బర్ బిగించే చోటు దాటాక ఉన్న తోకను పొట్టి చేయొచ్చు, కానీ రెండు గొట్టాలనూ కలుపుతూ వంపు ముక్క వెల్డ్ చేయించాల్సిందే. ఆ వంపు అందం కోసం కాదు, గొట్టాలు ఊగకుండా పట్టి ఉంచడానికి. షాక్ మౌంటింగ్ దగ్గర, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ దగ్గర, స్టీరింగ్ హెడ్ దగ్గర గ్రైండర్ పెట్టొద్దు. వెల్డింగుకు ముందు ట్యాంకు తీసి దూరంగా పెట్టండి, బ్యాటరీ కేబుళ్లు విప్పండి. ట్యాంకు ఖాళీగా ఉందని ధైర్యం చేయకండి, ప్రమాదం లోపల మిగిలిన ఆవిరితోనే. ముందు చక్రం ఫోర్కును కిందికి దించాలనుకుంటే స్ప్రింగులు తీసి, ఫోర్కు పూర్తిగా అణిగినప్పుడు టైరు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. ముందు భాగం దిగేకొద్దీ ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకూ ముందు టైరు తాకే చోటుకూ మధ్య దూరం) తగ్గి వేగంలో హ్యాండిల్ నిలకడ పోతుంది.

పనిముట్ల విషయంలో ఒక్కటే చెప్తాను. పాత జపాన్ బండ్ల స్క్రూలు చూడటానికి మామూలు ప్లస్ స్క్రూల్లా ఉంటాయి కానీ అవి జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ కొనుక్కోండి. డ్రమ్ బ్రేకులు విప్పినప్పుడు లోపలి దుమ్మును ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవండి.

బండి మోడల్, తయారైన సంవత్సరం కామెంట్‌లో రాయండి. దాని వైరింగ్ డయాగ్రామ్ దొరికితే ఏ రంగు వైరు ఎర్తో, ఫ్యూజు ఎక్కడుందో చూసి చెప్తాను.